డాబా తాళం ఎవరి దగ్గరుంది?

ఈమధ్య నలుగురు ఆడవాళ్లు కలిస్తే చీరల కబుర్లతో పాటు మొక్కల కబుర్లూ వినబడుతున్నాయి. 2020లో కరోనా అందరినీ ఇళ్లలో కూర్చోబెట్టినప్పుడు చాలామందికి పట్టుకున్న సరదా ఇది. కొందరికి ఆ సరదా తీరిపోయి డాబా మీద ఎండిన కుండీలు మిగిలాయి. కొందరికి మాత్రం పళ్లు తోముకోవడంలా అలవాటైపోయింది. ఎవరికి తీరింది, ఎవరికి నిలిచింది అని తెలిసినవాళ్లందరి దగ్గరా ఆరా తీస్తూ వచ్చాను. నాకు తేలిందేమిటంటే, తోటకు కావలసినవన్నీ దుకాణం నుంచి మోసుకొచ్చినవాళ్లు ఏడాదీ రెండేళ్లలోనే విసిగిపోయారు. ఇంట్లో పారేసే వాటితో తోట నడిపినవాళ్లు ఇప్పటికీ కోసుకు తింటున్నారు.

"మొక్కలు పెంచుదామనుకుంటున్నాను, ఏమేం కొనాలి?" అని అడుగుతారు మనవాళ్లు. మొదటి ప్రశ్నే అది! నర్సరీవాళ్లు చెప్పే జాబితాకు అంతుండదు. రంగురంగుల ప్లాస్టిక్ కుండీలు, గ్రో బ్యాగులు, లారీ ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు ఇటుకలు, వానపాముల ఎరువు సంచులు, మళ్లీ మందులు, హైబ్రిడ్ విత్తనాల ప్యాకెట్లు. ఇవన్నీ అయ్యాక నాలుగు టమాటాలు కాస్తే "ఒక్కో టమాటా ఎంత పడిందో లెక్కేశావా?" అని ఇంట్లో మగవాళ్ల వెక్కిరింతలు. ఆ వెక్కిరింతలో కొంత నిజం లేకపోలేదు. లారీలో వచ్చే ఆ ఎర్రమట్టి కూడా ఎక్కడో ఒక చేను పైపొరో, చెరువు గర్భమో అయి ఉంటుంది. అక్కడ గొయ్యి చేసి ఇక్కడ పచ్చదనం పెంచడం ఏం పర్యావరణం చెప్పండి?

మన అమ్మమ్మల పెరట్లో ఇంత హంగామా ఉండేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలోకి వెళ్లేవి. గోలెం గేదెకు, గేదె పేడ పెంటకుప్పకు, పెంటకుప్ప పాదులకు. నూతి దగ్గర గిన్నెలు తోమిన నీళ్లు అరటిపాదులోకి, స్నానాల నీళ్లు చేమదుంపలకూ కరివేపచెట్టుకూ పారేవి. బూడిదతోనూ కుంకుడురసంతోనూ తోమే రోజులు గనక ఆ నీళ్లు మొక్కను చంపేవి కావు. ఇదంతా స్వర్గమని నేననడం లేదు. ఆ నీళ్లు తోడినదీ, ఆ పేడ ఎత్తినదీ ఆడవాళ్లే, నడుములు పడిపోయేటంతగా. కానీ చెత్తబండి కోసం ఎదురుచూడవలసిన అవసరం ఆ ఇంటికి లేదు. ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా పెరడంతా సిమెంటు చేయించి "శుభ్రంగా ఉంది" అని మురిసిపోతున్నాం. వర్షపు చుక్క నేలలోకి దిగే దారి లేదు, కరివేపాకు రెబ్బ కావాలంటే బజారుకు పరుగు. సొంత నేల ఉన్నవాళ్లు దయచేసి ఒక మూల రెండు గజాలైనా సిమెంటు వేయించకుండా వదలండి. ఇక్కడినుంచి చెప్పేది నేల లేనివాళ్ల సంగతి.

నేల లేనివాళ్లకు మిగిలింది డాబా. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాద్ శివార్లలో తన ఇంటి మీద కూరలు పండించి "మిద్దెతోట" అన్నమాటను మనందరికీ అలవాటు చేశారు. సొంత మిద్దె ఉన్నవారికి అది బాగానే ఉంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల మాటేమిటి? మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లం అయిదుగురం కలిసి డాబా మీద మొక్కలు పెట్టుకుంటామని అడిగాం. మీటింగులో ఒక పెద్దమనిషి "ఇంట్లో పని తక్కువైందా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. తాళం మళ్లీ సెక్రటరీ గారి అలమారాలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత అదే డాబా మీద సెల్ టవరు పెడతామని ఒకరు వస్తే మాత్రం అద్దె ఎంతిస్తారో కనుక్కోమని కమిటీ వేశారు. టవరు బరువెంత అని అప్పుడెవరికీ సందేహం రాలేదు.

నవ్వు సంగతి అటుంచి, వాళ్లు చెప్పిన నాలుగు అభ్యంతరాలు వినదగ్గవే. స్లాబు బరువు మోయలేదు, తేమ దిగి కింది ఇంట్లో పెచ్చులూడతాయి, నీళ్లు చాలవు, దోమలు వస్తాయి. దుకాణం నుంచి దిగిన తోట మీద ఈ నాలుగు నేరాలూ రుజువవుతాయి కూడా. అందుకే మనం అనుమతి అడిగేముందు మన తోట ఎలాంటిదో తేల్చుకోవాలి.

మొదలు వంటింట్లోనే. మా ఇంట్లో నలుగురం. రోజూ తొక్కలు, తొడిమలు, కాఫీ పిప్పి, దేవుడికి పెట్టిన పూలు అన్నీ కలిసి కిలో అటూ ఇటూగా ఉంటాయి. ఇది బండెక్కితే హైదరాబాద్‌లో జవహర్‌నగర్ చెత్తగుట్ట దాకా ప్రయాణం. ఆ చుట్టుపక్కల కాపురముండేవాళ్లు మన వంకాయ తొడిమల కంపు పీలుస్తున్నారు. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు చెయ్యాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలే చెప్పాయి. చాలా ఇళ్లలో వేరు చేస్తాం కూడా, తీరా బండిలో రెండూ కలిపేస్తే చూసి నిట్టూరుస్తాం. తడిచెత్త గడప దాటకపోతే ఆ నిట్టూర్పు ఉండదు.

ఎరువు చేసుకోవడం ఆవకాయ పెట్టడం కంటే తేలిక. పాళ్లు కుదరాలి, అంతే. ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల డబ్బాలు రెండు తీసుకోండి. అడుగునా, పక్కలా చిన్న చిన్న చిల్లులు పొడిపించి రెండు ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున నాలుగంగుళాల మందాన ఎండుటాకులు. ఆపైన ఆ రోజు తొక్కలు చిన్న ముక్కలుగా. ఆ తొక్కలకు రెండింతలు ఎండుటాకులు కప్పాలి. అసలు కిటుకంతా ఈ రెండింతల్లోనే ఉంది. మొదట్లో ఒకసారి గరిటెడు పుల్లమజ్జిగ గానీ గుప్పెడు పాత ఎరువు గానీ చల్లితే పులియడం త్వరగా మొదలవుతుంది. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో పైకీ కిందికీ తిప్పండి. కంపు కొడుతోందంటే తడి ఎక్కువైంది, ఇంకా ఆకులు వెయ్యండి. ఎన్నాళ్లైనా అలాగే ఉందంటే ఎండిపోయింది, నీళ్లు చిలకరించండి. తెల్లగా, బూడిదరంగుగా పురుగులు కనబడితే కెవ్వుమనకండి. అవి ఒక రకం ఈగ పిల్లలు, చెత్తను తినిపెట్టే కూలి అడగని పనివాళ్లు. అవి వద్దనుకుంటే పైన ఆకులు మందంగా కప్పండి. నూనె కూరలు, పచ్ళళ్లు, పాలు, ఎముకలు మాత్రం అందులో వెయ్యకూడదు. ఎలుకలొస్తాయి, వాసనా వస్తుంది. ఒక డబ్బా నిండాక పక్కనపెట్టి రెండోది మొదలుపెట్టుకుంటే, అది నిండేలోగా మొదటిది రెండు నెలలకల్లా నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టివాసనతో తయారవుతుంది. వేసినదంతా నాలుగో వంతుకో అయిదో వంతుకో కుంగిపోతుంది గనక డబ్బా ఎప్పుడు నిండుతుందా అని చూస్తూనే ఉంటారు.

ఎండుటాకులు ఎక్కడివంటారా? మాఘ, ఫాల్గుణ మాసాల్లో వీధి చివర కానుగ, వేప, బాదం చెట్ల కింద తెల్లవారుజామున చూడండి. ఊడ్చి కుప్పచేసి నిప్పు పెడతారు. ఆ పొగ మన పిల్లలూ, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లూ పీల్చవలసిందే. ఆ కుప్పలను గోనెసంచుల్లో నింపి మెట్లకింద పెట్టుకుంటే ఏడాదికి సరిపడా ముడిసరుకు. నేను ఏ ఊరు వెళ్లినా ఆకుల సంచీతో వస్తానని మా వాళ్లు ఎగతాళి చేస్తారు, పోనీండి.

ఈ ఎరువే బరువు ప్రశ్నకు కూడా జవాబు. మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కవేసి కట్టాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. చదరపు మీటరంటే మూడడుగుల పైచిలుకు చదరం. దానిమీద అడుగు లోతున తడిసిన ఎర్రమట్టి పోస్తే ఎంత తూగుతుందో తెలుసా? దాదాపు 500 కిలోలు! కాబట్టి సెక్రటరీ గారి భయం ఉత్తది కాదు. మడులు కట్టించి మట్టి నింపేవాళ్లను చూస్తే నాకూ భయమే. అదే సగానికి పైగా ఎరువూ ఆకులూ కలిపిన మిశ్రమం అయితే తడిసినా ఇంచుమించు సగం తూగుతుంది. ఆకుకూరలకు ఆరంగుళాల లోతు చాలు. టమాటా, వంగ, బెండకు అడుగు లోతు డబ్బా కావాలి గానీ దాని అడుగు మూడో వంతు ఉత్త ఎండుటాకులు తొక్కి పెట్టవచ్చు. అవి అక్కడే చివికి ఎరువవుతాయి. బరువైనవన్నీ కింద గోడో, స్తంభమో, బీమో ఉన్న వరుసలో పెట్టి, స్లాబు నడిమధ్య ఖాళీగా నడవడానికి ఉంచాలి. పాతికేళ్లు దాటిన కట్టడమైతే ఒక ఇంజనీరును పిలిచి చూపించాక గానీ ఒక్క కుండీ ఎక్కించకండి. పిట్టగోడ మీదా, సజ్జల మీదా కుండీలు అసలే వద్దు. గాలివానకు ఒకటి జారితే కింద ఎవరి తల ఉంటుందో చెప్పలేం.

తేమకు మందు ఇటుకలే. డబ్బా నేలకు ఆనకుండా రెండు ఇటుకల ఎత్తున ఉంటే కింద గాలి ఆడుతుంది, ఊడ్చుకోవచ్చు, స్లాబు ఆరుతుంది. ముందే బీటలున్న చోట వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే తోట.

ఇక నీళ్లు. హైదరాబాద్ నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, మోటార్లు ఎత్తి పోస్తే వస్తున్నాయి. అవి చాలక ఎండాకాలం ట్యాంకర్లు. 2024 మార్చిలో బెంగళూరులో నీటి కరువొచ్చి, తాగేనీళ్లు తోటలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించారు. అక్కడున్న మన తెలుగువాళ్లు బిందె నీళ్ల కోసం పడ్డ పాట్లు ఫోన్లలో విన్నాం. అలాంటప్పుడు పైపు పట్టుకుని డాబా అంతా కడుగుతూ మొక్కలకు నీళ్లు పోసేవాళ్లను అసోసియేషన్ ఆపితే నేను అసోసియేషన్ పక్షమే. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్లోకి వంచుకుంటే పది పదిహేను డబ్బాల ఆకుకూరలు బతికేస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులుండవు, నిశ్చింతగా పోయవచ్చు. మంచినీళ్ల ఫిల్టర్ వదిలేసే నీళ్లలో మాత్రం ఉప్పులు ఎక్కువ. రోజూ అవే పోస్తే మట్టి చవిటిబారుతుంది. వాటితో ఇల్లు తుడుచుకోండి, మరీ అవసరమైతే మామూలు నీళ్లలో కలిపి పోయండి. సబ్బునీళ్లు వద్దు. పొద్దున్నే, ఎండెక్కకముందే పోయాలి. మొదలు చుట్టూ రెండంగుళాలు ఎండుటాకులు పరిస్తే ఆవిరయ్యేది చాలా తగ్గుతుంది. పెద్ద డబ్బాలో చిన్న మట్టి ముంత మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెట్టండి. అది చెమ్మగా ఊరుతూ వేరుకు కావలసినంతే ఇస్తుంది, రెండు రోజులు పెళ్లికెళ్లినా బెంగ ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పైన పచ్చ తెర కట్టక తప్పదు, లేకుంటే పాత చీరైనా సరే.

దోమలకైతే వారానికోరోజు. డెంగీ దోమ మురుగులో కాదు, నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ అయ్యేందుకు వారం పదిరోజులు పడుతుంది. కుండీ కింద పళ్లాలు తీసెయ్యండి, లేదా శనివారమో ఆదివారమో అన్నీ బోర్లించి ఆరబెట్టండి. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య లేదు.

ఏం వెయ్యాలో చెప్పలేదేమంటారు. మొదటి ఏడు ఆకుకూరలే. తోటకూర నెలకల్లా కోతకొస్తుంది. బచ్చలి, పొన్నగంటి, పుదీనా బజార్లో కొన్న కట్టలోని కాడ గుచ్చినా నాటుకుంటాయి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లితే కొత్తిమీర, డబ్బాలోని మెంతులు చల్లితే మెంతికూర. వీటికి విత్తనాల దుకాణం కూడా అక్కర్లేదు. కాలీఫ్లవర్, క్యాబేజీ, క్యాప్సికం జోలికి వెళ్లకండి. వాటికి పడే పురుగూ మన ఓపికా సరితూగవు. పేనుబంక, పిండినల్లి పడితే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున పిచికారీ చెయ్యండి. నాలుగు ఆకులు పురుగు తింటే తిననివ్వండి, అదీ మన డాబా మీదే పుట్టింది.

విత్తనం దగ్గర మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ప్యాకెట్‌లో హైబ్రిడ్ కొన్నారనుకోండి, దాని కాయలోని గింజ మళ్లీ వేస్తే తల్లిలాంటి కాయ రాదు. ప్రతి పంటకూ మళ్లీ కొనవలసిందే. నాటు బీర, నాటు చిక్కుడు, దేశవాళీ బెండ అయితే తీగకు ఒక మంచి కాయ ముదిరి ఎండేదాకా వదిలితే వచ్చే ఏటికి మీకూ, ఇరుగుపొరుగుకూ సరిపోతుంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఈ పనే చేశారు. చాలామంది బడి మొహం చూడని దళిత మహిళలు. ఊరూరా విత్తనాల బుట్టలు పెట్టుకుని, బూడిదా వేపాకూ కలిపి దాచి, తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తిరిగి ఇచ్చేలా నడిపారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు ఎకరాలకు చేసినది మనం అయిదంతస్తుల మేడలో ఒక సీసాల అరతో చేసుకోలేమా? గింజలు బాగా ఆరబెట్టి, బూడిద కలిపి, సీసా మీద పేరూ నెలా రాసి పెట్టండి.

ఇంత చదివాక "ఇదంతా ఎవరు చేస్తారు?" అని మీకు అనిపించకపోతే ఆశ్చర్యం. వంట, పిల్లల చదువులు, ఉద్యోగం, అత్తమామల మందులు, వీటి పైన ఇప్పుడు తోట కూడానా? పత్రికలు ఆడవాళ్లకు కొత్త సరదా చెప్పినప్పుడల్లా అది కొత్త చాకిరీగా మారడం నేను చూస్తూనే ఉన్నాను. అందుకని ఒక మాట ఖచ్చితంగా చెబుతున్నాను. బకెట్ మేడ మీదికి మోసేది ఇంట్లో మగవాళ్లూ, ఎదిగిన పిల్లలూ. తొక్కల డబ్బా తిప్పేది ఆదివారం ఇంట్లో ఉన్న ఎవరైనా. అది కుదరదంటే రెండు డబ్బాల కొత్తిమీర, పుదీనాతో ఆగిపోండి, మీకేం తక్కువ కాదు.

ఇంకొకరున్నారు. చాలా అపార్ట్‌మెంట్లలో డాబా మొక్కలకు నీళ్లు పోసేది నిజానికి వాచ్‌మన్ భార్య. జీతం ఆయనది, పని ఇద్దరిది. చాలాచోట్ల ఆవిడ పల్లెలో సేద్యం చేసి వచ్చిన మనిషి, మన ఫోన్లలోని వీడియోలన్నిటికంటే ఎక్కువ తెలుసు ఆవిడకు. ఆవిడ చేత పని చేయించుకుంటే నెలకింత అని ఇవ్వాలి, కోసిన కూరలో వాటా ఇవ్వాలి, రెండు డబ్బాలు ఆవిడ సొంతానికి వదలాలి.

ఇప్పుడు తాళం సంగతి. డాబా సెక్రటరీ గారిది కాదు, పై అంతస్తువాళ్లది కాదు, మనదీ కాదు. 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి స్థలాల్లో టెర్రస్‌ను పేరుపెట్టి చేర్చింది. అంటే దానిమీద అడిగే హక్కు ప్రతి ఫ్లాటుకూ ఉంది, సొంతానికి ఆక్రమించే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఒక్కరుగా వెళ్లి బతిమాలకండి. నలుగురైదుగురు కలిసి ఒక కాగితం రాయండి. ఏ వరుసలో ఎన్ని డబ్బాలు, ఒక్కోటి ఎంత బరువు, ఇంజనీరు ఏమన్నారు, నీళ్లు ఎక్కడివి, పళ్లాలు ఎవరు ఏ రోజు బోర్లిస్తారు, ట్యాంకుల దగ్గరికి దారి ఎంత వదులుతున్నారు, అన్నీ రాయండి. ఆర్నెల్లకు మాత్రమే అనుమతి అడగండి, కింది ఫ్లాటులో చెమ్మ కనబడితే తీసేస్తామని రాసివ్వండి. తడిచెత్త ఎంత తగ్గిందో నెలనెలా తూచి చెబుతామనండి. అద్దెకున్నవాళ్లు ఇంటివాళ్ల సంతకం ముందే తీసుకోండి.

కాగితం కింద ఫ్లాటు ఎవరి పేరున ఉందో ఆయన పేరు వేస్తే చాలదు. తాళం తీసి రోజూ పైకి వెళ్లేవాళ్ల పేర్లు కూడా వరుసగా రాయండి, వాచ్‌మన్ భార్య పేరుతో సహా.